దాహమా, ముంపా?

కోల్‌కతా సాల్ట్ లేక్‌లో ఒక మేడ మీది వాటాలో ఓ తెలుగు కుటుంబం ఉండేది. చలికాలంలో నర్సరీకి వెళ్లిన కోడలు ఊదారంగు ఆఫ్రికన్ వయొలెట్‌ను ముచ్చటపడి కొనుక్కొచ్చి తూర్పు కిటికీలో పెట్టింది. అరచేతిలో పట్టే కుండీ, నూగు ఆకులు, పసుపు బొట్టున్న పూలు.

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం ఆకులు వేలాడిపోయాయి.

“దానికి దాహం వేస్తోందే అమ్మాయీ,” అంది అత్తగారు. కోడలు చెంబుడు నీళ్లు పోసింది. మర్నాటికి ఆకులు ఇంకా వాలాయి. మళ్లీ చెంబు. కొడుకు ఆఫీసుకు వెళ్తూ తాగగా మిగిలిన నీళ్లు ఒంపాడు. పనమ్మాయి కిటికీ తుడుస్తూ తన వంతు తనూ పోసింది. ఆ ఇంట్లో దాని మీద ప్రేమ లేనివాళ్లు లేరు, పాపం. మట్టి ముట్టుకున్నవాళ్లే లేరు.

కింది వాటా బెంగాలీ పిన్నిగారు, అందరూ మాసిమా అనే ఆవిడ, ఏదో పనిమీద పైకొచ్చి, కుండీ ఎత్తి బరువు చూసింది. వేలు గుచ్చింది. లోపలంతా బురద.

“దాహం కాదు బౌమా, ఇది మునిగిపోయింది.”

“మునిగితే ఆకెందుకు వాడుతుంది మాసిమా?”

“వేరుకి నీళ్లతోపాటు గాలీ కావాలి. గాలాడక కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు. నీళ్లలో ఉండి కూడా మొక్క ఎండిపోతుంది. ఇది టాంజానియాలో ఉసంబరా కొండల మొక్క. అడవి నీడన రాతి నెర్రెల్లో బతుకుతుంది, అక్కడ నీళ్లు నిలవవు. మన సాల్ట్ లేక్ మాత్రం? ఉప్పునీటి చిత్తడి. 1960లలో హుగ్లీ ఇసుక తోడిపోసి మెరక చేశాకే ఇక్కడ ఇళ్లు లేచాయి. మనకి పనికిరాని ముంపు దానికి పనికొస్తుందా?”

మొక్క దక్కలేదు, నడిమొగ్గ అప్పటికే నల్లబడింది. మాసిమా గట్టిగా ఉన్న ఒక్క ఆకును కాడతో సహా కోసి, ఇసుకా కొబ్బరిపొట్టూ కలిపిన డబ్బాలో గుచ్చి, పైన పాలిథిన్ సంచి కప్పింది. వానలు వెనకబట్టేసరికి కాడ మొదట్లో పిలకలు లేచాయి. ఇప్పుడు వాటికి నీళ్లు పళ్లెంలో పోస్తారు. అడుగునుంచి తాగినంత తాగాక మిగిలింది పారబోస్తారు. పైమట్టి వేలికి పొడిగా తగిలితేనే మళ్లీ పోయడం. ఆకుల మీద చల్లనీళ్లు పడితే మచ్చలొస్తాయి కనుక పైనుంచి పోయడం పూర్తిగా మానేశారు.

నీతి: దాహమైనా ముంపైనా ఆకు ఒక్కలాగే వాలుతుంది. వాలడం చూసి వైద్యం చేయకూడదు, వేలు పెట్టి చూశాకే చేయాలి.

మనం చేసేది మాత్రం చెంబు వైద్యమే. పిల్లాడు తల వాల్చుకు తిరిగితే ఇంకో ట్యూషన్ పెట్టిస్తాం, వాడికి చదువు చాలకో, ఎక్కువయ్యో అడగం. పెళ్లైన కూతురు ఫోన్‌లో ముభావంగా ఉంటే అరగంట సలహాలు కుమ్మరిస్తాం. ఈసారి మీ ఇంట్లో ఎవరైనా వాడిపోయి కనిపిస్తే, ఏదైనా పోసేముందు ఏం తక్కువైందనే కాక, ఏం ఎక్కువైందని కూడా అడగండి.