ఇంటి గౌరవమా, సత్యమా?

తన జీవితమును తాను వ్రాసికొనువాడు తనవారి జీవితములను గూడ వ్రాయక తప్పదు. తల్లి కన్నీరు, తండ్రి దోషము, ఇంటి ఆకలి తొలగించినచో ఆత్మకథలో మిగులునది స్వల్పము. ఇంటిగుట్టు వీధిని పెట్టరాదని పెద్దల మాట. సత్యమును మరుగుపరుపరాదనుటయు పెద్దల మాటయే. ఈ రెండును ఎదురుపడినచోట దేనిని పాటింపవలెను?

మరాఠీ రచయిత శరణ్‌కుమార్ లింబాళే 1984లో ప్రకటించిన ‘అక్కర్మాశీ’ అను ఆత్మకథ ఈ ప్రశ్నను మన ముంగిటికే తెచ్చినది. ఆయన 1956లో సోలాపురము జిల్లాలో జన్మించెను. తల్లి మహార్ కులమునకు చెందిన నిరుపేద. తండ్రి లింగాయతు, గ్రామపు పాటిల్. వారిది వివాహబంధము కాదు. తండ్రి అండ ఆ బిడ్డకు దక్కలేదు. అమ్మమ్మయు, ఆమెతో కలిసి జీవించిన ఒక ముస్లిం కూలియు అతనిని పెంచిరి.

పండ్రెండు మాషములైనచో నిండు తులము. పదునొకండే అయినచో కొరత తూకము. వివాహబంధము వెలుపల పుట్టినవానిని ఆ ప్రాంతమున ‘పదునొకండు మాషములవాడు’ అని నిందింతురు. ఆ నిందనే రచయిత తన గ్రంథమునకు పేరుగా నుంచెను. బడిలో తండ్రి పేరడిగిన సంకటము. కులమేదని ధ్రువపరుపవలెనో తెలియక సర్పంచి సంశయించుట. పెండ్లి నాడు మరల తలయెత్తిన పుట్టుక ప్రశ్న. అన్నిటికి మించి ఆకలి. ఇవియే ఆ గ్రంథమున నిండియున్నవి.

ఇట్టి కథను వెల్లడించుటచే తల్లి పరువు పోదా యని కొందరడుగుదురు. ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. తల్లి బ్రతుకు తల్లిది. దానిని లోకమునకు చెప్పు హక్కు కొడుకునకు సంపూర్ణముగా లేదు. అయినను ఆమె దుఃఖము ఊరికి తెలియని రహస్యము కాదు. ఊరెల్ల ఎరిగి, నోరెత్తక, ఆమెనే నిందించినది. అట్టిచోట మౌనము రక్షించునది తల్లిని కాదు, బాధ్యత తప్పినవానిని. పైగా రచయిత తన దైన్యమును సైతము దాచుకొనలేదు. తన్ను మినహాయించుకొని ఇతరుల దోషములను వ్రాయుట నింద; తన్ను గూడ తూకమున పెట్టుకొని వ్రాయుట సాక్ష్యము.

ఆ తండ్రి లింగాయతుడు గనుక ఈ సాక్ష్యము శరణ బంధువులు ప్రత్యేకముగా వినదగినది. బ్రాహ్మణ కులమున జన్మించిన బసవేశ్వరుడు తన వచనములలో మాదార చెన్నయ్యను తండ్రిగా చెప్పుకొనెను. చోళరాజు నైవేద్యమును కాదని శివుడు ఆ చెన్నయ్య అంబలిని ఆరగించిన కథను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున తెలుగువారికి వినిపించెను. హరళయ్య కుమారునకు మధువరసు కుమార్తెను ఇచ్చి పెండ్లి చేసినందులకు ఆ తండ్రులిద్దరును కల్యాణమున ప్రాణములర్పించిరని పరంపర చెప్పుచున్నది. నాడు బిడ్డల బంధమును నలుగురిలో నిలిపినందులకు తండ్రులు మరణించిరి. ఎనిమిది శతాబ్దములు గడచిన పిదప ఒక తండ్రి బిడ్డ బంధమును నలుగురిలో ఒప్పుకొనలేకపోయెను. ఈ వ్యత్యాసమును చూపినవానిపై కోపించుట సులభము. ఆ వ్యత్యాసము ఎట్లు కలిగినదని విచారించుటయే కష్టము.

దోషమును చెప్పినవాని వలన వంశమునకు మచ్చ రాదు, చేసినపుడే వచ్చినది. వ్రాత దానిని వెలుగులోనికి తెచ్చును, అంతియే. మెడలోని ఇష్టలింగము సాక్షిగా బ్రతుకువాడు మరియొక సాక్షికి వెరవ పనిలేదు. ఇంటిలోని ఒక బిడ్డ తన కథ చెప్పుటకు లేచినపుడు, ‘నీవెవడవు?’ అనక ‘మావాడవే, చెప్పుము’ అనగలిగిన ఇంటికే నిజమైన గౌరవము కలదు.