నడుమ నిలుచువాడు

ఇరువురు కలహించుచుండగా మూడవవాడు వారి నడుమ నిలుచుట లోకమున నిత్యము జరుగు విషయమే. ఆ మూడవవానినుండి లోకము కోరునదేమి? అతడు ఎవరి పక్షమును వహింపరాదనియు, ఇరువురికిని సమదూరమున నిలువవలెననియు సామాన్యముగా చెప్పుదురు. ఈ మాట వినుటకు న్యాయముగానే తోచును. కాని భారతకథ నెరిగినవారికి ఇందలి చిక్కు తెలియకపోదు. కౌరవులును పాండవులును తనకు కావలసినవారే యని బలరాముడు ఆయుధము పట్టక తీర్థయాత్రకు వెడలిపోయెను. యుద్ధము ముగియు వేళకు తిరిగివచ్చి, భీముడు గదాయుద్ధ నియమమును తప్పెనని ఆగ్రహించెను. భీముడు నియమము తప్పిన మాట నిజమే. కాని అంతకు పూర్వము కురుక్షేత్రమున జరిగిన అధర్మములలో ఒక్కదానికిని బలరాముడు అడ్డు నిలువలేదు. కృష్ణుడు అట్లుగాక, సంధికై హస్తినాపురమునకు రాయబారిగా పోయి, అవమానమునకు సిద్ధపడి, ఉభయుల మేలును కోరి మాటలాడెను. సంధి పొసగని పిమ్మట తానెక్కడ నిలువవలెనో నిర్ణయించుకొనెను. ఈ యిరువురిలో నిష్పక్షపాతి ఎవరు?

ఇరువదవ శతాబ్దమున ఈ ప్రశ్న పురాణశ్రవణమునకే పరిమితము గాక శాస్త్రపరిశోధనకు కూడ విషయమైనది. 1956లో సూయెజ్ కాలువ సంక్షోభ సమయమున, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షెల్డ్, కెనడా విదేశాంగ మంత్రి లెస్టర్ పియర్సన్ గార్ల పూనికచే తొలి సాయుధ శాంతిరక్షక సేన ఏర్పడెను. ఆ సేనతో మూడు నియమములు స్థిరపడినవి: ఉభయపక్షముల సమ్మతి, నిష్పాక్షికత, ఆత్మరక్షణకు తప్ప బలమును ప్రయోగింపకుండుట. భారత సైనికులును అందు చేరి గాజా ప్రాంతమున కావలి కాచిరి. 1959లో యోహాన్ గాల్టుంగ్ అను నార్వే పండితుడు ఓస్లో నగరమున శాంతిపరిశోధన సంస్థను నెలకొల్పెను. 1964లో ఆ సంస్థ పత్రిక వెలువడసాగెను. యుద్ధము లేకుండుట ఒక శాంతి, మానవసంఘము ఒక్కటిగా కూడుకొనుట మరియొక శాంతి యని, మొదటిది అభావరూపమనియు రెండవది భావరూపమనియు ఆ పత్రిక తొలి సంపుటముననే వివేచన జరిగెను.

ఆ భేదము కాగితముపై ముద్రితమైన యేటనే, భారతదేశమున ఒక నగరమునకు అది వీధులలో అనుభవమునకు వచ్చెను. ఆ నగరము జంషెడ్‌పూరు. అప్పుడు బీహారులోను, 2000 సంవత్సరమునుండి జార్ఖండు రాష్ట్రములోను ఉన్న ఈ ఊరు తనంతట పెరిగినది కాదు, ఆలోచించి కట్టినది. కర్మాగారమునకు స్థలమైనను నిర్ణయము కాకమునుపే, 1902లో, జంషెట్జీ టాటా తన కుమారుడగు దొరాబ్జీకి లేఖ వ్రాయుచు, రాబోవు నగరమున వెడల్పైన వీధులు, నీడనిచ్చు చెట్లు, ఆటస్థలములు ఉండవలెననియు, హిందువుల ఆలయములకును మహమ్మదీయుల మసీదులకును క్రైస్తవుల చర్చిలకును చోటు కేటాయింపవలెననియు సూచించెను. సువర్ణరేఖా ఖర్కాయీ నదులు కలియు తావున, సాక్చి యను పల్లెకడ, ఆ తలపు రూపుదాల్చెను. 1912లో ఉక్కు తయారయ్యెను. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెట్జీ పేరు పెట్టెను. బీహారు, బెంగాలు, ఒరిస్సా, పంజాబు దేశములనుండియే గాక, శ్రీకాకుళము విశాఖపట్టణ ప్రాంతములనుండి కూడ జనులు పనికై అచ్చటికి చేరిరి. తెలుగు కుటుంబములు తరతరములుగా అచ్చటనే నివసించుచున్నవి. ఏ భాష మాటలాడువాడైనను, ఏ దేవుని కొలుచువాడైనను, అందరును ఒకే కొలిమి వేడికి చెమటోడ్చిన వారే.

అట్టి చోట మతకలహము పుట్టదని తలచుట సహజము. కాని 1964 మార్చి నెలలో తూర్పు పాకిస్తానునుండి ప్రాణభీతితో వచ్చిన కాందిశీకుల రైళ్లు టాటానగర్ మీదుగా దండకారణ్యమునకు పోవుచుండగా, వారి కష్టములు విన్నవారి జాలి పగగా మారి, ఆ కష్టములతో ఏ సంబంధమును లేని ఇరుగుపొరుగు మహమ్మదీయులపై విరుచుకుపడెను. ఒక బాధితునియెడ కలిగిన కరుణయే మరియొక నిరపరాధిని చంపుటకు నెపమయ్యెను. మరల 1979లో, శ్రీరామనవమి ఊరేగింపు మసీదు దాపుననున్న దారిని పోవలెనా వలదా యను వివాదము ఒక యేడాది నలిగి, ఏప్రిల్ 11వ తేదీన మారణకాండయై పరిణమించెను. జస్టిస్ జితేంద్ర నారాయణ్ అధ్యక్షతన ఏర్పడిన విచారణసంఘము లెక్కించిన మృతులు 108 మంది.

ఇట్టి ఘటనలకు కారణమేమి? అశుతోష్ వార్ష్ణేయ్ 2002లో ప్రకటించిన గ్రంథము ఈ ప్రశ్నను తిరుగవేసి అడిగెను. కలహించిన ఊళ్లను మాత్రమే గాక, కలహింపని ఊళ్లను కూడ ఏల పరిశీలింపరాదు? 1950 నుండి 1995 వరకు గల హిందూ ముస్లిం కలహముల వివరములను పత్రికలనుండి సేకరింపగా, మృతులలో నూటికి నలుగురైనను పల్లెలవారు కారనియు, ఇంచుమించు సగముమంది ఎనిమిది నగరములలోనే మరణించిరనియు తేలెను. ఆ ఎనిమిదింటిలో హైదరాబాదు ఒకటి. ఆయన అలీగఢ్‌ను కాలికట్‌తోను, హైదరాబాదును లక్నోతోను, అహమ్మదాబాదును సూరత్‌తోను పోల్చిచూచెను. ఇరుగుపొరుగు పలకరింపులు, పండుగనాటి రాకపోకలు పల్లెకు చాలునేమో గాని మహానగరమునకు చాలవనియు, అచ్చట ఇరుమతములవారును కలిసి నడపు వర్తకసంఘములు, కార్మికసంఘములు, వృత్తిసంఘములు ఉన్నచోటనే వదంతులు అణగి శాంతి నిలుచుననియు ఆయన సిద్ధాంతము.

జంషెడ్‌పూరు ఆ ఆరు నగరములలో చేరలేదు. అయినను ఆ సిద్ధాంతమునకు అంతకంటె కఠినమైన పరీక్ష దొరకదు. ఏలయన, అచ్చట కార్మికసంఘము 1920 నుండియు కలదు. సుభాస్ చంద్రబోసు వంటివాడు దానికి అధ్యక్షత వహించెను. సంఘమున్నను రక్తపాతము తప్పలేదు. అట్లయిన సిద్ధాంతము తప్పా? అంతమాత్రమున తప్పనరాదు. సంఘమున్నదా యనుట కంటె, ఆ సంఘము దేనికై ఏర్పడినదను ప్రశ్న ముఖ్యము. కార్మికసంఘము యాజమాన్యమునకు ఎదురుగా నిలిచి కూలికై పోరాడును. ఆ పోరాటమున హిందువును ముస్లిమును ఒకే వరుసలో నిలుతురు. అది ఇరువురును ఒకే దిక్కునకు మొగము పెట్టి నిలుచుటయే కాని, ఒకరికొకరు ఎదురుగా కూర్చుండి మాటలాడుకొనుట కాదు. రాత్రివేళ బస్తీలో ఒక వదంతి పుట్టినప్పుడు, పొరుగువాని గుమ్మమునకు పోయి నిజము కనుగొనుట అనునది కర్మాగారమున నేర్పు పని కాదు. ఆలయమునకు, మసీదునకు, చర్చికి చోటు పంచిపెట్టుట గొప్ప ఔదార్యమే. కాని పంచిన చోటు వేరు, పంచుకొన్న చోటు వేరు.

మరియొక పరిశోధకుడు స్టీవెన్ విల్కిన్‌సన్ 2004లో వేరొక సమాధానము చెప్పెను. ప్రభుత్వము తలచినచో కలహమును ఆపగలదు. ఆపుటవలన ఓట్లు దక్కునో, ఆపకుండుటవలన దక్కునో యను లెక్కయే దాని తలపును నిర్ణయించును. ఈ మాటలో కఠోరసత్యమున్నది. 1979లో జంషెడ్‌పూరున, రక్షింప వచ్చిన సాయుధ పోలీసులపైననే పక్షపాతమును గూర్చిన తీవ్రమైన ఆరోపణలు వచ్చెను. నడుమ నిలువవలసినవాడే ఒక పక్షమైన పిమ్మట, నడుమ యనునది ఎక్కడ మిగిలియుండును?

అయినను ఇట్టి పరిశోధనల యెడ ఒక నైతికశంక కలుగకమానదు. సంఘముల లోపమే కారణమనిన, లేక ఓట్ల లెక్కయే కారణమనిన, కత్తి యెత్తిన చేతికి బాధ్యత లేదా? కారణమును వివరించుట వేరు, దోషమును క్షమించుట వేరు. వైద్యుడు కలుషితజలమువలన విషూచి ప్రబలెనని చెప్పినంతమాత్రమున, తెలిసి బావిని కలుషితము చేసినవాడు నిర్దోషి కాడు. ఒకే ఊరిలో, ఒకే పరిస్థితులలో, ఒకడు చంపెను, మరియొకడు దాచి కాపాడెను. ఈ భేదమును గణితము పట్టజాలదు. ఉర్దూ రచయిత జకీ అన్వర్ మతసామరస్యము కొరకు నిరాహారదీక్ష పూనిన మనిషి. ఆ 1979 మారణకాండలోనే ఆయన హతుడయ్యెను. ఆయన మృతి రెండు విషయములను చెప్పుచున్నది. పరిస్థితులు ఎట్లున్నను మనుష్యుడు నడుమ నిలువగలడనుట ఒకటి. ఒంటిగా నిలిచినవానిని రక్షించు ఏర్పాటు ఊరిలో లేనిచో ఆ నిలుకడ బలిగా ముగియుననుట రెండవది. మొదటిదానిని మరచిన పరిశోధన నిర్జీవము. రెండవదానిని మరచిన ఆదర్శము నిర్దయ.

దేశములనడుమ నిలిచిన సేనల చరిత్రయు ఇదే పాఠమును చెప్పుచున్నది. 1967 మే నెలలో ఈజిప్టు తన సమ్మతిని ఉపసంహరింపగా గాజా సేన వెనుదిరిగెను. జూన్ 5వ తేదీన యుద్ధము ప్రారంభమై, ఇంకను అచ్చట మిగిలియున్న భారత సైనికులలో కొందరు ప్రాణములు కోల్పోయిరి. 1994లో రువాండాలో మారణహోమము సాగుచుండగా భద్రతామండలి అచ్చటి సేనను హెచ్చించుటకు మారుగా 270 మందికి తగ్గించుటకు తీర్మానించెను. 1995 జూలైలో స్రెబ్రెనిత్సా పట్టణమున శాంతిరక్షకుల యెదుటనే బోస్నియా ముస్లిములు వేలకొలది హత్యకు కొనిపోబడిరి. ఈ అనుభవములనుండి 2000 సంవత్సరమున లఖ్దార్ బ్రహిమీ అధ్యక్షతగల సంఘము ఒక నిర్ణయమునకు వచ్చెను. నిష్పాక్షికత యనగా ఎల్లరను ఎల్లవేళల ఒక్క తీరున చూచుట కాదు. అంగీకరించిన ధర్మమునకు కట్టుబడియుండుట. ఒకడు స్పష్టముగా దాడి చేయుచుండగా ఇరువురిని సమానముగా చూచుట ఆ దాడిలో పాలుపంచుకొనుటయే యగును. బలరాముని కథకు ఇంతకంటె చక్కని వ్యాఖ్యానము లేదు.

అయినను సేనలు వ్యర్థములనుట పొరపాటు. సేనలు మిక్కిలి కఠినమైన కలహములకే పంపబడుచుండుటవలన వైఫల్యములే కంటబడునని వర్జీనియా పేజ్ ఫోర్ట్నా 2008లో చూపెను. ఆ కాఠిన్యమును లెక్కలోనికి తీసికొని చూచినచో, సేన నిలిచినచోట యుద్ధము మరల రగులు ప్రమాదము చాల తగ్గుచున్నదని ఆమె నిర్ణయించెను. కఠినరోగులే చేరు ఆసుపత్రిలో మరణములు ఎక్కువయైనంతమాత్రమున వైద్యము వలదనరాదు గదా.

కావున ప్రశ్న మూడవవాడు ఉండవలెనా యనునది కాదు; అతడు ఎప్పుడు వచ్చి నిలువవలెననునది. దీనికి బొంబాయి చెంతనున్న భివండీ ఒక ఉదాహరణము. తెలంగాణమునుండి వలసపోయిన పద్మశాలీలు అనేకులు అచ్చటి మరమగ్గములపై బ్రదుకుచున్నందున ఆ ఊరు తెలుగువారికి పరాయిది కాదు. 1970లోను 1984లోను అది ఘోరముగా తగులబడెను. 1988 నుండి సురేశ్ ఖోపడే అను పోలీసు అధికారి పేటపేటకు ఇరుమతములవారితో సంఘములను కూర్చి, కలహమేమియు లేని దినములలోనే వారిని సమావేశపరచుచు వచ్చెను. 1992-93లో బొంబాయి మండిపోవుచుండగా భివండీ చల్లగా నిలిచెను. అచ్చట పోలీసువాడు కేవలము లాఠీ పట్టిన పరాయివాడు కాక, ఇరువురికిని జవాబు చెప్పవలసినవాడయ్యెను. ఇరువురును ఒకరికొకరు జవాబు చెప్పవలసినవారైరి.

నిష్పాక్షికతకు మూలము సమదూరము గాక సమసామీప్యమని దీనివలన తేలుచున్నది. ఇరువురికిని దూరమైనవాని మాట ఇరువురిలో ఎవడును వినడు. ఇరువురికిని దగ్గరయైనవాడు మాత్రమే ఇతడు అధర్మము చేయుచున్నాడని వ్రేలెత్తి చూపగలడు. ఆ మాట విన్నవాడును అది పగవాని మాట యని త్రోసిపుచ్చలేడు. ఇట్టి సామీప్యము కలహము పుట్టిన నాడు కొని తెచ్చుకొనదగినది కాదు. ఊరేగింపు ఏ దారిని పోవలెనను చర్చ ఊరేగింపు బయలుదేరిన పిమ్మట జరుగరాదు. డప్పు మ్రోగని నెలలలో, ఎవరికిని కోపము లేని సాయంకాలమున, ఇరుగడలవారును కూర్చుండి తేల్చుకొనవలసినది అది.