తల వాలిస్తే తేలతాం

ఈత కొత్తగా నేర్చుకునేవారు నీళ్లలో తల పైకెత్తుతారు. మునిగిపోతామన్న భయం. కానీ నీళ్లలో ఒళ్లు తక్కెడ లాంటిది. తల లేస్తే నడుము దిగుతుంది, కాళ్లూ దిగుతాయి. దిగిన కాళ్లకు నీరు అడ్డుపడుతుంది. చేతులు ఎంత వేసినా ముందుకు సాగం.

ఫ్రీస్టైల్‌లో చూపు కొలను అడుగు మీద ఉండాలి. మెడ వదులుగా, వెన్నుకు వరసగా ఉండాలి. ఊపిరి కావాలా? తల ఎత్తొద్దు. ఒంటితో పాటే పక్కకు తిప్పండి. ఒక కన్ను నీళ్లలోనే ఉండనివ్వండి. ముందుకు సాగే తల పక్కన నీరు కాస్త పల్లమవుతుంది. నోటికి గాలి అక్కడే అందుతుంది.

మళ్లీ చెబుతున్నాను. తల ఎత్తితే కాళ్లు మునుగుతాయి. తల వాలిస్తే కాళ్లు తేలతాయి. ఈ ఉదయం ఈతకు వెళ్లేవారు నీటిని నమ్మండి. తల దాని మీద వాల్చండి.