మార్గదర్శకుని ఋణము

వెల యిచ్చి కొన్న వస్తువునకు ఋణము మిగులదని లోకము చెప్పును. బియ్యమునకు సొమ్ము చెల్లించినతోడనే అంగడివానికిని మనకును లెక్క తీరిపోవును. కాని జీతమిచ్చితిమి గనుక గురువు ఋణము తీరినదని మనలో నెవ్వరును చెప్పరు. ఈ రెంటికిని నడుమ నొక వ్యవహారము కలదు. దూరదేశమునకు వినోదార్థము పోయినవాడు అచ్చటి మనుష్యు నొకని తోడు కుదుర్చుకొని, అతని కన్నులతో చూచి, అతని చెవులతో విని, యింటికి మరలి వచ్చును. అట్టివానికి మన మియ్యవలసినది కూలి మాత్రమేనా? పక్షులను చూచుటకై పరదేశమునకు పోవువారి విషయమున నీ ప్రశ్నను విచారింతము.

నగరిలో కాపురముండు నొక గృహస్థు ఆలుబిడ్డలతో సింహళద్వీపమునకు పోయి పక్షులను చూడవలెనని తలపెట్టె ననుకొందము. సముద్రము దాటినవానికి ప్రాయశ్చిత్తము విధించిన కాలము గడచిపోయినది. ఇట్టి యాత్ర మెచ్చదగినదే. నగలకును విందులకును వెచ్చించు ధనమును బిడ్డల కన్నులు తెరచుటకు వెచ్చించుట వివేకము. సింహళమున సింహరాజమను మహారణ్యము కలదు. దానిని 1988లో ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చిరి. మరెచ్చటను లేని పక్షులు పెక్కు అందున్నవి. దీపల్ వరకగోడ యను సింహళ పక్షిశాస్త్రజ్ఞుడు 1995లో వానయడవులలో తా నెరుగని యొక గుడ్లగూబ కూత వినెను. ఆ పక్షి యాయన కంటబడినది 2001లో. శాస్త్రలోకము దానికి పేరు పెట్టినది 2004లో. చెవి యెరిగిన దానిని కన్ను చేరుటకు ఆరేండ్లు పట్టినది. మన గృహస్థునకో, రెండు దినములే తీరిక!

చిక్కంతయు నిచ్చటనే యున్నది. రెండు దినములలో ఇన్ని పక్షులను చూపవలెననియు, అరుదైన దానిని చూపినచో బహుమాన మిత్తుమనియు మనము ముందుగా చెప్పుదుము. ఇంటిలో పొయ్యి వెలుగవలసిన పేదవా డేమి చేయును? ముందుగా పట్టియుంచిన కూతను యంత్రముతో వినిపించును. మగపక్షి తన యెల్లలోనికి పగవాడు వచ్చెనని భ్రమించి, మేతను మాని, గూటిని విడిచి, బయటికి వచ్చి యరచును. మనము చూచి సంతోషింతుము. మరునాడు వేరొకరు వత్తురు; మరల అదే కూత, అదే భ్రమ. గ్రుడ్లు పొదుగు కాలమున నిట్లు దినదినము జరిగిన ఆ పక్షిగతి యేమి? చేసినవాడు మార్గదర్శకుడే యైనను, చేయించినది మన యాతురత. లంచ మాశపెట్టినవాడు లంచము పుచ్చుకొన్నవానిని నిందింప నర్హుడు కాడు.

ఇట్టిది పరదేశమున మాత్రమే కలదని తలపవలదు. మన కడప యడవులలోని కలివికోడి కథను చూడుడు. దీనిని జెర్డన్ అను ఆంగ్లేయ వైద్యుడు 1848లో లోకమునకు తెలిపెను. 1900 తరువాత నది యెవ్వరికిని కనబడక నశించెనని శాస్త్రజ్ఞులు తలచిరి. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు వెదకగా, 1986లో రెడ్డిపల్లె యొద్ద ఐతన్న యను వేటగాడు రాత్రివేళ దానిని పట్టి తెచ్చెను. ఎనుబదియారు సంవత్సరములు పండితులకు దొరకని పక్షి ఒక పల్లెవానికి దొరికినది. ఆ పక్షి బ్రతుకలేదు. కాని దానివలన తక్కినవాని యునికి తెలిసి, లంకమల యడవికి రక్షణ కలిగినది. ఆంగ్లభాషలో దానికి జెర్డన్ పేరే నిలిచినది. ఆ పేరు పక్షిని ప్రకటించిన దెవ్వరో చెప్పును. కలివికోడి యను పేరు, అది కలివిపొదలలో తిరుగునని చెప్పును. వెదకువాని కేది యుపయోగమో చదువరులే నిర్ణయింతురు గాక. ఆ పేరు పెట్టినవాని పేరు మాత్ర మే గ్రంథమునను లేదు.

ఇక మరియొక మాట, కటువైనను చెప్పక తప్పదు. సింహళమున మార్గదర్శకుని "అయ్యా" యని పిలిచి, అతని ప్రక్కను కూర్చుండి భుజింతుము. చెట్టుచేమలను, పులుగుపురుగులను అంతగా నెరిగిన యానాది మన యూరి పొలిమేరనే యున్నాడు. అతనిని "ఒరే" యందుము. ఎలుకలను పట్టుటకును తోటలకు కావలి కాయుటకును తప్ప పిలువము. విద్య యొక్కటే, మన్నన వేరు. ఓడయో విమానమో యెక్కినంతనే పుట్టుకొని వచ్చు మర్యాద, మర్యాద కాదు. అది యాత్రకు తొడిగిన వస్త్రము మాత్రమే.

"పేదవానికి కావలసినది ధనము, మన్ననతో అతని కడుపు నిండునా?" యని కొంద రాక్షేపింతురు. కూలి తగ్గించి మన్నన హెచ్చింపుమని మే మనుట లేదు. కూలి నిండుగా నియ్యవలసినదే. ఐనను మనుష్యులు ధనమునకే సర్వమును చేయుదురనుట చరిత్రకు విరుద్ధము. చెంగల్పట్టు సీమలోని వేదాంతాంగల్ గ్రామస్థులు తమ చెరువులోని పక్షులను సిపాయిలు కాల్చుచున్నారని కలెక్టరు లయనెల్ ప్లేసుతో మొరపెట్టుకొని, 1798లో ఆయనవలన రక్షణపత్రము పొందిరి. పక్షుల రెట్ట కలిసిన నీరు పైరునకు బలమని వారెరుగుదురు. లాభమును ప్రేమయు నిచ్చట కలిసియున్నవి. అట్టి యెరుక కలవానిని కూలివానిగా మాత్రమే చూచుట అతనికే గాక మనకును నష్టము.

కావున యాత్ర తలపెట్టువారికి మా మనవి యిది. కూలిని దినమునకు నిర్ణయింపుడు, పక్షికి నిర్ణయింపకుడు. కూత వినిపింపవలదనియు, గూటి దరికి పోవలదనియు, ఏమియు కనబడకున్నను బహుమానము తగ్గదనియు ముందే చెప్పుడు. చూచిన పక్షి పేరు వ్రాసికొను పుస్తకమున, చూపినవాని పేరును అతని యనుమతితో వ్రాయుడు. ప్రయాణమునకు ముందు బిడ్డలను నేలపట్టు చెరువునకు కొనిపోయి గూడబాతులను చూపుడు. పసుపుగొంతు పికిలిపిట్ట దక్షిణభారతపు రాతిగుట్టలలో తప్ప లోకమున మరెచ్చటను లేదు. తిరుమల కొండలలో నున్నది. దానిని వెదకుటకు యానాది నొకని పిలిచి, మీరని సంబోధించి, వెంట నడువుడు. స్వగ్రామమున నీ పాఠము నేర్చినవాడు ఏ దేశమునకు పోయినను మంచి యతిథి యగును. నేర్వనివాడు వేయి పక్షులను చూచి వచ్చినను, తనకు చూపిన మనుష్యుని మాత్రము చూడనివాడే యగును.