మరపు నేరమా?



మీ యింట ముసలి తల్లి గాని తండ్రి గాని యున్నచో ఈ మాటలు మీకొరకే.

మిర్యాలగూడ ప్రాంతములో ఒక యిల్లు తలంచుకొనుడి. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన నాడు పదునేడేండ్ల పిల్ల, నేడా యింట అవ్వ. కాలువ నీరు తమ పొలమున మొదట పారిన దినమున గట్టుమీద ఎవరెవరు నిలిచిరో పేరు పేరున చెప్పును. ఈ యుదయము మాత్ర వేసికొనెనో లేదో చెప్పలేదు. అడిగినదే మరల అడుగును. కొడుకు విసుగుకొనును, మనుమలు నవ్వుదురు. కోడలు మంచిది, "నీకెందుకత్తమ్మా, నువ్వు కూర్చో, నేను చూసుకుంటా" అని సంచియు, డబ్బును, పనియు ఆమె చేతినుండి తీసికొనును. కొన్నాళ్లకు అవ్వ మాటలాడుట మానును. నోరు తెరచిన తప్పు దొరలును, తప్పు దొరలిన నవ్వుదురు గదా!

వీరిలో ఎవరు ఎక్కువ హాని చేసిరి? కోపమును, ఎగతాళియు తప్పని మనమెరుగుదుము. పని మాన్పించిన ప్రేమను మాత్రము తప్పని యెంచము. కాని వాడని కొడవలికి తుప్పు పట్టును.

అమెరికాలో 2,832 మంది వృద్ధులతో జరిపిన పరిశోధన ఫలితములు 2002లో వెలువడినవి. ఏది నేర్పిరో దానియందే వారు మెరుగైరి. ఇతర నేర్పులకు ఆ మేలు అంతగా ప్రాకలేదు. కాబట్టి ఎక్కడివో చిక్కు లెక్కలేల? ఆమె దినచర్యయే ఆమెకు అభ్యాసము.

అంగడికి పోవునప్పుడు ఐదు సరకులు చెప్పి, గడపయొద్ద ఆమెనే చెప్పమనుడి. పిమ్మట చీటి చూడుడి. క్రొత్తగా పుట్టిన మునిమనుమరాలి పేరు చెప్పి, వెంటనే ఒకసారి, కొంతసేపటికి ఒకసారి, సాయంకాలము మరియొకసారి అడుగుడి. మిర్యాలగూడనుండి కోదాడకు పోవు త్రోవలో నేరేడుచర్ల, హుజూర్‌నగర్ వచ్చును. నడుమ నున్న ఊళ్లను వరుసగా చెప్పించి, తిరిగి కోదాడనుండి వెనుకకు చెప్పించుడి. సూర్యాపేటవారికి దురాజ్‌పల్లి, మునగాల త్రోవ యున్నది. రాత్రి పండుకొనక ముందు ఆ దినమున జరిగిన మూడు సంగతులు మీరును చెప్పుడి, ఆమెచేతను చెప్పించుడి. ఇవి పరీక్షలు కాకూడదు, ముచ్చటలు కావలెను. తడబడినచో మొదటి అక్షరము అందించుడి. మాత్రల విషయములో మాత్రము అభ్యాసము వలదు. వాటిని దినమునకొక అరగా సర్ది మీరే చూచి యియ్యవలెను.

మరియొక మాట. కొన్నిసార్లు ఆమె మరువలేదు, అసలు వినలేదు! 2024లో లాన్సెట్ వైద్య పత్రిక సంఘము మతిమరపు వ్యాధికి దారితీయు 14 కారణములను పేర్కొనెను. చెవుడు, చూపు తగ్గుట, రక్తపు పోటు, మధుమేహము, ఒంటరితనము అందులోనివే. చెవి, కన్ను చూపించుట కూడ జ్ఞాపకమునకు సేవయే. తాళపుచెవి ఎక్కడ పెట్టితినో యనుట వయస్సు లక్షణము. సొంత ఊరిలో దారి తప్పుట వ్యాధి లక్షణము కావచ్చును. అప్పుడు ఆలస్యము చేయక వైద్యుని యొద్దకు తీసికొనిపొండి. థైరాయిడు లోపము, బి12 విటమిను తక్కువగుట, మనోవేదన వలన వచ్చిన మరపు చికిత్సతో తగ్గవచ్చును.

ఇన్ని చేసినను మరపు ఆగకపోవచ్చును. ఒకనాడు ఆమె మీ పేరును మరువవచ్చును. ఆనాడు ఆమె విలువ తగ్గునా? మీరు మాటలు రాని పసిబిడ్డగా నున్నప్పుడు, మీకు ఆమె పేరు తెలియదు. అయినను ఆమె మిమ్మును ఎత్తుకొనెను. జ్ఞాపకము ఇద్దరి సొత్తు. ఒకరి చేతినుండి జారినప్పుడు రెండవవారు పట్టుకొనవలెను.

కాబట్టి చదువరీ, ఈ సాయంకాలమే ఆమె ప్రక్కన కూర్చుండి, ఆ కాలువ గట్టు సంగతి అడుగుడి. నూరుసార్లు వినియున్నను, మరల వినుడి. ముగించిన పిమ్మట రేపటి అంగడి సంచి ఆమె చేతికియ్యుడి.