తగ్గించడమే నిగ్రహమా?

నిగ్రహం అనగానే మనకు తోచేది తగ్గించుకోవడం. తిండి తగ్గించాలి, మాట తగ్గించాలి, పరుగు తగ్గించాలి. ఎంత తగ్గిస్తే అంత మేలు, మేలు జరక్కపోయినా కీడు మాత్రం ఉండదన్న నమ్మకం మన మతజీవితంలో లోతుగా ఇంకిపోయింది. దాన్ని పరీక్షకు పెట్టాలన్న ఆలోచన కూడా రాదు. పరీక్షించదలచుకుంటే కారు ఇంజన్ మంచి చోటు, ఎందుకంటే అక్కడ కీడును కొలిచి చూడవచ్చు. చాలామంది ఇదే నమ్మకంతో బండి నడుపుతారు. వీలైనంత త్వరగా టాప్ గేర్‌లో వేసి ఇంజన్‌ను నెమ్మదిగా తిరగనిస్తే పెట్రోలు ఆదా అవుతుంది, ఇంజన్ పదికాలాలు మన్నుతుంది అనుకుంటారు. చదునైన రోడ్డు మీద, యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉన్నంతసేపు అది నిజం కూడా. అంతే దూరానికి ఇంజన్ తక్కువ చుట్లు తిరుగుతుంది, రాపిడి తగ్గుతుంది, మైలేజీ పెరుగుతుంది.

నిండా మనుషులతో తిరుమల రెండో ఘాట్ రోడ్డు ఎక్కుతున్న కారు సంగతి వేరు. ఇంజన్ ఇచ్చే శక్తి దాని తిప్పుడు బలానికీ (టార్క్), తిరిగే వేగానికీ (ఆర్‌పీఎం, అంటే నిమిషానికి చుట్లు) లబ్ధం. అలా ఎక్కడానికి 15 కిలోవాట్లు, అంటే దాదాపు 20 హార్స్‌పవర్ కావాలనుకుందాం. 2000 ఆర్‌పీఎం దగ్గర 72 న్యూటన్ మీటర్ల టార్క్ ఉంటే సరిపోతుంది. 1000 ఆర్‌పీఎం దగ్గర అదే పనికి 143 కావాలి. టర్బో లేని చిన్న పెట్రోలు ఇంజన్లు చాలావాటికి అంత టార్క్ ఏ వేగంలోనూ లేదు. డ్రైవరు గేరు దించకుండా యాక్సిలరేటర్ తొక్కుతాడు, బండి వణుకుతూ ఈడ్చుకుంటూ పోతుంది. చుట్లు తగ్గిన మేరకు ప్రతి పేలుడు మీదా భారం పెరిగింది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఒక పేలుడుకూ తరువాతి పేలుడుకూ మధ్య 2000 దగ్గర 15 మిల్లీసెకన్లుంటే, 1000 దగ్గర 30 ఉంటాయి. అలా ఎక్కువసేపు వేడికీ ఒత్తిడికీ లోనైన మిశ్రమం తనంతట తానే అంటుకునే వీలు పెరుగుతుంది. నాకింగ్ అంటున్నది దాన్నే. బేరింగుల దగ్గర జరిగేది అంతకంటే గుట్టుగా ఉంటుంది. క్రాంక్ షాఫ్ట్ లోహాన్ని తాకకుండా పలుచని ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. రైలు బేరింగుల మీద బోషాంప్ టవర్ చేసిన ప్రయోగాలు 1883లో ఈ సంగతిని బయటపెట్టాయి, 1886లో ఆస్బర్న్ రెనాల్డ్స్ దానికి గణిత వివరణ ఇచ్చారు. పంపు ఆయిల్‌ను అక్కడిదాకా చేరుస్తుందే గాని, పొరను నిలబెట్టేది షాఫ్ట్ తిరుగుడే. వేగం తగ్గితే పొర పలచబడుతుంది, బరువు పెరిగినా పలచబడుతుంది. టాప్ గేర్‌లో ఘాట్ ఎక్కే ఇంజన్‌కు ఈ రెండూ ఒకేసారి జరుగుతాయి.

నన్ను ఆలోచింపజేసేది ఆ సమయంలో డ్రైవరు మనఃస్థితి. ఆర్‌పీఎం ముల్లు కింద ఉంది, తాను ఇంజన్‌ను కాపాడుతున్నానన్న తృప్తి అతనిది. ఆయిల్ పొర మందం చూపే ముల్లు డాష్‌బోర్డు మీద లేదు. నిగ్రహం కంటికి కనబడే కొలతకే పరిమితమైనప్పుడు, తగ్గిన కష్టం మాయమైపోదు, కొలత లేని చోటికి చేరుతుంది. మింగిన కోపంతో మౌనం పాటించేవాడి విషయంలోనూ, పొలం పనికి వెళుతూ కఠోర ఉపవాసాలుండే మనిషి విషయంలోనూ ఇదే జరుగుతుందని నా అభిప్రాయం. భగవద్గీత ఆరో అధ్యాయం అతిగా తినేవాడికే కాదు, బొత్తిగా తిననివాడికీ యోగం కుదరదంటుంది. మన వ్రత నియమాలు పిల్లలకూ ముసలివారికీ రోగులకూ మినహాయింపులు ఇచ్చాయి. అరిస్టాటిల్ మరింత సూటిగా వెళ్లాడు. పది పాళ్ల తిండి ఎక్కువ, రెండు పాళ్లు తక్కువ అయినంత మాత్రాన ఆరు పాళ్లు అందరికీ సరైనది కాదని, మల్లయోధుడు మైలోకు చాలని తిండి కొత్తగా కసరత్తు మొదలుపెట్టినవాడికి ఎక్కువవుతుందని అన్నాడు. మితం ఒక అంకె కాదు, మోసే బరువుకూ నడిచే వేగానికీ మధ్య ఉండే పొంతన. 1500 ఆర్‌పీఎం చదునులో మితం, ఘాట్‌లో అపచారం.

యంత్రం నుంచి మనిషికి పాఠం తీయడం చెల్లదని ఆక్షేపించవచ్చు. యంత్రానికి ధర్మం లేదు, బాధ లేదు. ఆ మాట ఒప్పుకుంటాను, ఇంజన్‌ను చూపి మనిషి ఎలా బతకాలో నిరూపించడం నా ఉద్దేశం కాదు. ఎక్కడ తగ్గింపు ఉంటుందో అక్కడ హాని ఉండదన్నది తర్కంలో ఒక వ్యాప్తి, అంటే మినహాయింపు లేని నియమం. ఒక్క వ్యభిచారం, అంటే ఆ నియమం తప్పిన ఒక్క సందర్భం కనబడితే చాలు వ్యాప్తి నిలవదని న్యాయదర్శనం అంటుంది. ఇంజన్ ఆ ఒక్క ఉదాహరణ. ఆపైన మనిషి సంగతి మనిషిలోనే వెతుక్కోవాలి. మరో ఆక్షేపణ ఇంకా బలమైనది: కార్ల కంపెనీలే ఇంజన్లను నెమ్మదిగా తిప్పుతున్నాయి కదా, పెద్ద ఓడల డీజిల్ ఇంజన్లు 100 ఆర్‌పీఎం దగ్గర ఏళ్ల తరబడి నడుస్తున్నాయి కదా? నడుస్తున్నాయి, ఎందుకంటే వాటి బేరింగులూ కొలతలూ ఆ వేగానికి, ఆ బరువుకు తగినట్టు కట్టినవి. కార్లలో కూడా టర్బోలు, ఫ్లైవీల్ మార్పులు, కొత్త ఆయిళ్లు తోడయ్యాకే వేగం తగ్గించగలిగారు. అయినా తక్కువ వేగంలో ఎక్కువ బరువు లాగే టర్బో పెట్రోలు ఇంజన్లలో స్పార్కు కంటే ముందే మిశ్రమం అంటుకుని పిస్టన్లు పగిలే ఇబ్బంది తలెత్తింది. ఆయిల్ దాన్ని అరికట్టగలదా అని చూసే పరీక్షను 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ అనే ఇంజన్ ఆయిల్ ప్రమాణంలో చేర్చారు. పొంతన మారిస్తేనే అంకె మార్చడం కుదిరిందని దీని అర్థం.

ఈ వాదం భోగికి సాకు అవుతుందన్న భయం వీటన్నిటికంటే నిజమైనది. నా బరువు పెద్దది, నాకు ఎక్కువే కావాలని ఎవరైనా అనవచ్చు. అనేవాడు ముందు తాను ఎక్కే కొండను చూపించాలి. చదును రోడ్డు మీద 4000 ఆర్‌పీఎం తిప్పేవాడికి ఈ వాదంలో చోటు లేదు. పైగా వణుకుతున్న ఇంజన్‌కు గేరు దించడం ఒక్కటే దారి కాదు, యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చేయడం కూడా దారే. కొండ ఆలస్యంగా ఎక్కుతాం, అంతే. అవసరానికి మించి దేన్నీ పట్టుకోవద్దనే అపరిగ్రహం అడిగేది ఈ రెండోదాన్నని నాకనిపిస్తుంది. అది కోరికల బరువునే దించమంటుంది. అదే బరువును పూర్తిగా ఉంచుకుని, దాన్ని మోసే తిండినీ నిద్రనూ మాటనూ కోసుకునేవాడు త్యాగం చేస్తున్నాననుకుంటాడు గాని, వదలాల్సినదాన్ని ఇంకా పట్టుకునే ఉన్నాడు.