జానెడు పొడి అంచు

ఆదోని

చిరంజీవికి మీ చిన్నతాత వ్రాయునది.

నీవు బెంగుళూరునుండి పంపిన ఛాయాచిత్రములను నేనును మీ చిన్నవ్వయు ఒకే కళ్లజోడును మార్చుకొనుచు చాలసేపు చూచితిమి. పాపికొండల యాత్రకు పోయివచ్చిన నాటినుండి నీ మనస్సును విడువక పట్టుకొన్న ఆ రెండంతస్తుల గోదావరి లాంచికి, అంగడిలో దొరకు తయారు ముక్కలను కొని అతికించుటకు బదులు, అడుగు దూలము మొదలు పై కప్పు రేకువరకు ప్రతి భాగమును స్వహస్తములతో కోసి, చెక్కి, గరుకుకాగితముతో నునుపుచేసి ప్రతికృతిని నిర్మింపబూనిన నీ పట్టుదల మన వంశమునకు క్రొత్తది కాదు. మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరిలో 1938వ సంవత్సరమున నేతవారి సహకార సంఘమును స్థాపించిన కాలమున, మీ ముత్తాత మగ్గపు అచ్చులో విరిగిన వెదురుపుల్లను దీపపు వెలుతురున మార్చుచు, ప్రక్క పుల్లతో అది వెండ్రుకవాసియైనను భేదింపకుండునట్లు గీయుచుండెడివారు. ఆ వ్రేళ్లే నీకు వచ్చినవి. సరంగు నిలుచు గదిలోని చుక్కాని చక్రమును, కిటికీల చట్టములను, లంగరు గొలుసును చూచినపుడు నా కన్నులు చెమ్మగిల్లినవి.

అయినను ఆ చిత్రములలో నాకొక లోపము కనబడినది. లాంచి ప్రక్కన బరువుగీత లేదు. ఎంత జనము, ఎంత సామాను ఎక్కినపుడు ఆ నావ ఎంతవరకు మునుగవచ్చునో తెలుపు గీతను నీవు విడిచి, పై అంతస్తున మాత్రము మట్టిబొమ్మలను క్రిక్కిరిసి నిలిపితివి. ఎవరినైనను ఒడ్డున వదలివేయుటకు మనసొప్పలేదని వ్రాసితివి. ఆ వాక్యము చదివి నేను జాబును ప్రక్కన పెట్టి కొంతసేపు ఊరకుంటిని.

నీకు లెక్కలు చెప్పవలసినవాడను కాను. కాని చేతిపనివారు తరచుగా మరచు లెక్క యొకటి కలదు. నీ లాంచి పొడవు 20 మీటర్లు, ఖాళీ బరువు 25 టన్నులు అని వ్రాసితివి. దానిని 50వ వంతునకు తగ్గించినపుడు పొడవు 40 సెంటీమీటర్లగును. బరువు మాత్రము అట్లు దిగదు. పొడవును, వెడల్పును, లోతును మూడును తగ్గుటచేత అది 1,25,000వ వంతునకు దిగి, 25 టన్నులు 200 గ్రాములగును. 60 కిలోల మనిషి అరగ్రామునకు లోబడును. అనగా సుమారు పదునైదు జొన్నగింజల ఎత్తు. నీవు నిలిపిన మట్టిబొమ్మను తూచి చూచితివా? అది రెండు గ్రాములున్నచో, ఒక్క మనిషిని ఎక్కించితినని తలచుచు నీవు నలుగురిని ఎక్కించుచున్నావు. కొలతలును, బరువులును ఒకే పాళ్లలో, వానివాని చోటులలోనే తగ్గియున్నంతవరకు, నదిలోని లాంచి ఎంత భారమునకు ఎంత ఒరుగునో తొట్టిలోని నీ లాంచియు అంతే ఒరుగును. అందుచేత నీ చేతిలోనున్నది ఆటవస్తువని నేననుకొనుట లేదు.

మెట్టపొలముల సీమవారికి నావలతో నేమి సంబంధమని నీ మిత్రులు పరిహసించిరట. తుంగభద్ర మన గడపముందు పారుచుండగా ఆ మాట ఎట్లనిరో! 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆనెగొంది రేవున జనులు బుట్టవలె గుండ్రనైన నావలలో దాటుచుండిరనియు, అవి లోపల వెదురుబద్దలతో అల్లి వెలుపల తోలు తొడిగినవనియు, పదునైదు ఇరువదిమందిని మోయగలవనియు, తిన్నగా పోలేక తిరుగుచునే పోవుననియు వర్ణించినాడు. అవి మన పుట్టులే. నా బాల్యముననే తోలునకు మారుగా తారు పూసిన గుడ్డ వచ్చినది గాని, అల్లిక మారలేదు.

మీ అవ్వను మన ఇంటికి తెచ్చినది అట్టి పుట్టియే. ఆమె పుట్టినిల్లు ఏటికి ఆవలిదరిని అయిజ ప్రక్క పల్లె యగుటచేత, శ్రావణమాసపు పెండ్లి ముగిసిన తరువాత నాగలదిన్నె రేవునకు దాటవలసివచ్చినది. వంతెన లేని కాలము. (తరువాత కట్టిన వంతెనయు 2009 వరదలో కొట్టుకొనిపోయినది.) ఆ కథను మీ అవ్వ నవ్వుచు చెప్పుచుండెడిది, నీవును ఎన్నోమారులు వింటివి, అందులో పెద్దమామగారి కోపమే మీ కందరకును జ్ఞాపకము. నాకు జ్ఞాపకమున్నది పుట్టివాని చేయి. వధూవరులు, పేరంటాండ్రు, సారె గంపలు ఎక్కిన పిదప, ఆ బెస్తవాడు పుట్టి అంచునకును నీటికిని నడుమ తన జానను ఆనించి చూచి, ఎక్కబోవుచున్న పెద్దమామగారిని ఆపి, “ఈ ఇడతకు ఇంతేనప్పా. మీరు ఈడనే కూసోండి, మళ్లీ వచ్చి పిల్సకపోతా” అనెను. పెండ్లి పెద్దను ఒడ్డున విడుచుట! ఆయన మండిపడెను, కూలి రెట్టింపు చేసెదననెను, అటుపై రేవునుండియే వెళ్లగొట్టించెదననెను. ఆ పుట్టివాడు ఎదురు పలుకక, మరల జానను ఆనించి చూపి, గడతో ఒడ్డును నెట్టెను. నడి ఏటిలో సుడి తగిలి పుట్టి గిర్రున తిరిగినపుడు ఆ జానెడు అంచు నాలుగు వ్రేళ్లైనది. తుంపర మీ అవ్వ ఒడిలోని తలంబ్రాలపై పడినది. ఆవలిదరిని మమ్ము దింపి, అలుపు తీర్చుకొనకయే తిరిగిపోయి, ఆతడు పెద్దమామగారిని దాటించి తెచ్చెను.

నాటి నా వయస్సునకు ఆతడు మొండివాడని తోచినది. ఆ రేవున నిలిచినవారిలో మా యందరి ప్రాణములను లెక్కలోనికి తీసికొన్నవాడు ఆతడొక్కడేనని నాకు తెలియుటకు చాలకాలము పట్టినది.

ఆ జానెడు అంచును చట్టముగా మార్చుటకు ఇంగ్లండులో శామ్యూల్ ప్లిమ్సాల్ అను పార్లమెంటు సభ్యుడు ఏండ్ల తరబడి పోరాడవలసివచ్చినది. బీమా ధనమునకు ఆశపడిన యజమానులు జీర్ణించిన ఓడలను మునుగునంతగా నింపి సముద్రమునకు పంపుచుండగా, 1876లో ఓడల ప్రక్కను బరువుగీత గీయవలెనని శాసనమైనది. గీత వచ్చినంతమాత్రమున బుద్ధి రాదు. 2017 నవంబరు 12న, కార్తికమాసమున, విజయవాడ చెంత పవిత్ర సంగమము కడ పరిమితిని మించి జనమును ఎక్కించుకొన్న పడవ బోల్తాపడి, యాత్రికులు ఇరువదిమందికి పైగా కృష్ణలో కలిసిరి. నీవు మోహపడిన ఆ గోదావరిలోనే 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద వరదలో ‘రాయల్ వశిష్ఠ’ అను పడవ మునుగగా ఒడ్డునకు చేరినవారు 26 మంది మాత్రమే. ఆ పడవను నదీగర్భమునుండి పైకి లాగుటకు ధర్మాడి సత్యముగారి బృందమునకు అక్టోబరు వరకు పట్టినది.

మన జిల్లాలోనే మరియొక కథ కలదు. కర్నూలు కడప కాలువలో నేడు పైరులకు పారు నీటిని చూచువారికి, అది 1863నుండి 1870వరకు పడవల రాకపోకలకును కలిపి త్రవ్వబడినదనియు, 1933వరకు అందులో నావికాయానము సాగుటకు అవకాశముండెననియు తోచదు. సుంకేసులనుండి కడపవరకు! దానిని త్రవ్వించిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ పెట్టుబడిలో పది లక్షల పౌనులపై నూటికి ఐదు వంతున వడ్డీకి ప్రభుత్వమే జామీను నిలిచినది. లాభము వచ్చినను రాకున్నను వాటాదారులకు వడ్డీ ముట్టుచున్నపుడు వ్యయమును అదుపులో నుంచువాడెవడు? అంచనాలు దాటినవి, రాబడి లేదు, తుదకు 1882లో ఆ కాలువను ప్రభుత్వమే కొనవలసివచ్చినది. జామీను అను మాటను గూర్చి నేను మొదట చదివిన చరిత్ర అది. చదివినది చాలలేదు.

మన ఇంటిలో కోట క్రింది వీధిని గూర్చి ఎవ్వరును మాటలాడకుండుట నీవు గమనించియే యుందువు. ఆదోని 1953లో బళ్లారి జిల్లానుండి విడివడి ఆంధ్రరాష్ట్రమున చేరిన కొలది ఏండ్లకు నేను ప్రత్తి మండీలో గుమాస్తాగా కుదిరితిని. రెండవ బొంబాయి అని పేరుపడిన ఊరు. తెల్లవారక మునుపే బండ్లబారులు, జిన్నింగు మిల్లుల కూతలు, కనురెప్పలమీద సైతము వ్రాలు దూది నలుసులు, గుజరాతీ మార్వాడీ వర్తకుల వ్రేళ్లసైగల బేరములు. ఆ నాడు ఇరువదియైదేండ్ల వానికి అడిగినవారికెల్లను అండగా నిలువగలనను ధైర్యము కలుగుట సహజము. నా మిత్రుడొకడు సొంత వ్యాపారము మొదలుపెట్టుచు నన్ను సంతకము అడిగినాడు. అతడు దుష్టుడు కాడు. నేటికిని అతనిపై నాకు ద్వేషము లేదు. ఆ యేడు ప్రత్తిధర పడిపోయినది. అతడు రాత్రికిరాత్రి ఊరు విడిచెను. అప్పిచ్చినవారు మన గడప నెక్కిరి. కోట క్రింది ఇల్లు, తుంగభద్ర దిగువ కాలువ క్రింది మడి, మీ అవ్వ చెవుల కమ్మలు ఆ ఒక్క సంతకము వెంట పోయినవి. మీ తాత నన్ను ఒక్కమాటైనను అనలేదు. అనకుండుటయే చాల కాలము నాకును ఆయనకును నడుమ నిలిచినది.

ఇంతకన్న నన్ను బాధించునది మరియొకటి. నేను కాదనియుండినచో అతడు సగము సరకే కొనియుండును. సగము నష్టమే వచ్చియుండును. భార్యాబిడ్డలతో ఈ ఊరిలోనే బ్రదికియుండును. నా ఔదార్యము అతనిని మునుగునంత నింపినది. ఆ పెండ్లినాడు ఒడ్డున కూర్చుండబెట్టబడిన పెద్దమామగారు తొంబది యేండ్లు జీవించిరి.

ఈ కాలమున అప్పు ఇచ్చువాని ముఖము తీసికొనువానికి తెలియదు. పూర్వపు వడ్డీవర్తకుడు కఠినుడే యైనను ఇంటికి వచ్చి గాదెను చూచును, ఎద్దులను చూచును, ముసలితల్లిని పలుకరించును. అంతకు మించి ఈయడు. నేడు అరచేతిలోని ఫోను అర్ధరాత్రి మేల్కొలిపి, బొటనవ్రేలు ఆనించినంతమాత్రమున వేలు కుమ్మరించి, తప్పిన నాడు నీ బంధుమిత్రుల కందరకును నీ పరువును పంచిపెట్టును. స్నేహమును సైతము ఇంత శీఘ్రముగానే కొలుచుచున్నారు. సంతకము పెట్టనివాడు స్నేహితుడు కాడట! వేయి పనులలో తోడు నిలిచి, ఒక్క కాగితము వద్ద ఆగినవానిని స్వార్థపరుడనుట ఏ నీతియో నాకు తెలియదు.

ఇక పని చెప్పెదను. బొమ్మలనన్నిటిని దింపివేయుము. ఖాళీ లాంచిని తూచి, 200 గ్రాములకు తక్కువైనచో అడుగున, దూలమునకు ఇరుప్రక్కల, సీసపు ముక్కలు అతికించుము. ఎక్కువైనచో పై అంతస్తుననే చెక్కను పలుచన చేయుము. తెల్లని కొయ్యజిగురు నీటికి మెత్తబడును గనుక లోపలను వెలుపలను వార్నిష్ పట్టించి ఆరనిమ్ము. పాతగుడ్డలో పదునైదేసి జొన్నగింజలను మూటలు కట్టి, తొట్టిలో ఒక్కొక్క మూటను ముందు క్రింది అంతస్తునను, పిదప పైనను పెట్టుచు, అంచున పొడిభాగము ఎంత మిగులుచున్నదో, మూటలన్నిటిని ఒక ప్రక్కకు జరిపినపుడు ఏమగుచున్నదో చూడుము. తడబడుటకు చాల ముందే ఆపి, అచ్చట తెల్లరంగుతో గీత గీయుము. ఆ గీతకు సరిపడునంతమందినే మైనముతోనో బెండుతోనో తేలికగా మలచి నిలుపుము. మిగిలినవారిని రేవున నిలుపుము. రేవు లేని లాంచి నాకెట్లును అసంపూర్ణముగానే కనబడినది.

రెండవది. ఎవరి అప్పునకును జామీనుదారుగా సంతకము చేయకుము. ఇదివరకే చేసియున్నచో ఆ కాగితము నకలు రేపే అడిగి తీసికొనుము. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 128వ సెక్షను ప్రకారము, ఒప్పందములో వేరు షరతు లేనియెడల, జామీనుదారుని బాధ్యత అప్పు తీసికొన్నవాని బాధ్యతతో సమానము. అప్పిచ్చినవాడు ముందుగా అతనిని అడుగవలెనను నియమము లేదు, తిన్నగా నీ జీతముమీదికి రావచ్చును. ఆ జామీను ముందు ముందు తీసికొను అప్పులకును వర్తించునదైనచో, 130వ సెక్షను క్రింద ఇకమీది వానికి నీవు బాధ్యుడవు కావని అప్పిచ్చినవారికి వ్రాతమూలకముగా నోటీసిచ్చి రసీదు పుచ్చుకొనుము. గతము మాత్రము నీ మెడపైననే యుండును. నీ ఆధారు నకలును, ఫోనుకు వచ్చు ఓటీపీని ఏ మిత్రునికిని ఈయకుము. సహాయము చేయదలచినచో, తిరిగి రాకున్నను నీవు భరింపగలిగినంత సొమ్మును చేతికిచ్చి, అంతకు మించి నావలన కాదని ముఖముననే చెప్పుము. కోపగించువాడు కోపగించును.

మీ అమ్మ నాకేమియు చెప్పలేదు, నేనును ఆమెను అడుగలేదు. నీవు సంక్రాంతివరకు ఆగవద్దు. ఈ శనివారము రాత్రి రైలెక్కి, ఇంటిలోనున్న కాగితములనన్నిటిని తీసికొని ఆదోనికి రమ్ము. ఇచ్చట నాకు తెలిసిన వకీలు ఉన్నాడు. ముగ్గురము కూర్చుండి చదువుదము. వచ్చువరకు దేనిమీదను సంతకము పెట్టకుము.

ఇట్లు,
మీ చిన్నతాత